రాము రాములనాయుడు ఎలా అయ్యాడు? – సి ప్రోగ్రామింగ్ ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే గుమ్మం దగ్గర ఆగిపోయాయి. డేటాబేస్‌లోంచి పేరో, ఊరో, అడ్రసో తీసి సి ప్రోగ్రాంలో స్ట్రింగ్‌గా వాడబోతే ఏదో ఒకటి తేడా కొడుతోంది. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి ఉంచి, ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను. విజయనగరంలో ఇరవై ఏళ్ళకు పైగా సి ల్యాబ్ చెప్పాను. అంతకుముందు కొన్నాళ్ళు ఒక సహకార సంస్థ కంప్యూటర్ సెక్షన్‌లో సరిగ్గా ఈ పనే చేశాను. కాబట్టి మీ టెన్షన్ ఎలాంటిదో నాకు తెలుసు.

ప్రశ్న: మేడమ్ గారూ, డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాను. మా ప్రాజెక్ట్ జీడిపప్పు కార్ఖానాలో పనివాళ్ళ కూలి లెక్కలు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ టేబుల్‌లో పేరు ఫీల్డ్ పొడవు 20 పెట్టాను, పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే. సిలో కూడా 20 సైజు క్యారెక్టర్ అర్రే (వరసగా ఉన్న 20 గదులు) తీసుకుని, ఇన్ని అక్షరాలు కాపీ చెయ్యమని చెప్పే స్టర్‌ఎన్‌కాపీ ఫంక్షన్‌తో 20 అక్షరాలు కాపీ చేశాను. చాలా పేర్లు బాగానే వస్తున్నాయి. కొన్నింటి వెనక మాత్రం పిచ్చి గుర్తులు తోకలాగా వస్తున్నాయి. కొన్ని పేర్లకే ఎందుకిలా? – పలాస నుంచి ఒక విద్యార్థి

జవాబు: 'కొన్ని పేర్లకే' అన్నావు చూడు బాబూ, జవాబు అక్కడే ఉంది. తోక వచ్చిన పేర్లను ఒక కాగితం మీద రాసుకుని అక్షరాలు లెక్కపెట్టు. అన్నీ సరిగ్గా 20 అక్షరాల పేర్లే అయ్యుంటాయి. 19 లోపు పేరు ఒక్కటి కూడా పాడై ఉండదు.

సిలో స్ట్రింగ్ అంటే అక్షరాల వరస, దాని చివర ఒక సున్నా బైటు. ల్యాబుల్లో అందరం బ్యాక్‌స్లాష్ జీరో అంటాం. పేరు ఎంత పొడవుందో సి ఎక్కడా రాసిపెట్టుకోదు. మొదటి అక్షరం నుంచి నడుచుకుంటూ పోయి, సున్నా కనపడిన చోట ఆగుతుంది. సున్నా లేకపోతే ఆగదు, పక్కనున్న మెమరీలో ఏముంటే అదే చదువుకుంటూ పోతుంది. నీకు వచ్చే తోక అదే. డేటాబేస్ పద్ధతి వేరు. ప్రతి పేరు పొడవూ దానికి లెక్క తెలుసు. ఆ లెక్క తెలిసిన చోటి నుంచి లెక్క తెలియని చోటికి పేరు చేతులు మారుతోంది. ఆ పొడవును వెంటబెట్టుకు రావాల్సింది నువ్వే.

1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ సి భాషను తయారు చేసేటప్పుడు ఈ రెండు పద్ధతులూ ఆయన ముందు ఉన్నాయి. అంతకుముందున్న బీసీపీఎల్ భాషలో స్ట్రింగ్ పొడవు మొదట్లోనే రాసి ఉండేది. దాని తర్వాత వచ్చిన బి భాష చివర్లో ఒక గుర్తు పెట్టే పద్ధతికి మారింది. సి ఆ దారినే పట్టింది. పొడవు ముందే రాసే పద్ధతిలో, ఆ అంకెకి ఇచ్చిన చోటు ఎంతో స్ట్రింగ్ కూడా అంతకు మించకూడదు. చివర గుర్తు పెడితే ఆ హద్దు ఉండదు. ఆ సౌకర్యానికి ధర మనం ఇప్పటికీ కడుతున్నాం.

ఇక స్టర్‌ఎన్‌కాపీ సంగతి. పేరు చూసి ఇది క్షేమమైన స్టర్‌కాపీ అని అందరూ అనుకుంటారు. కాదు. మూలంలో 20 అక్షరాలు ఉండి, నువ్వు 20 కాపీ చెయ్యమంటే, అది 20 కాపీ చేసి వెళ్ళిపోతుంది, సున్నా పెట్టదు. పేరు చిన్నదైతే మిగిలిన గదులన్నీ సున్నాలతో నింపుతుంది. ఈ వింత ప్రవర్తనకు కారణం ఉంది. మొదట్లో దాన్ని తెచ్చింది స్ట్రింగుల కోసం కాదు, పాత యునిక్స్ డైరెక్టరీల్లో ఫైలు పేర్లలాంటి స్థిరమైన పొడవున్న ఫీల్డుల కోసం. అక్కడ 14 అక్షరాల పేరుకి 14 గదులే. అవి నిండితే సున్నాతో అవసరం లేదు, ఎందుకంటే చదివేవాళ్ళకి 14 అని ముందే తెలుసు.

నువ్వు చెయ్యాల్సింది ఇది. ఫీల్డ్ 20 అయితే అర్రే 21 పెట్టు. కాపీకి ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ ఫంక్షన్ వాడు, దానికి అర్రే సైజు 21 ఇవ్వు. అది ఎప్పుడూ చివర సున్నా పెడుతుంది, పట్టకపోతే కోస్తుంది. ఇంకో మేలు కూడా ఉంది. మొత్తం రాయడానికి ఎన్ని అక్షరాల చోటు కావాల్సి వచ్చేదో ఆ అంకె తిరిగి ఇస్తుంది. ఆ అంకె 21 లేదా అంతకంటే ఎక్కువైతే పేరు తెగిందని అర్థం. ఆ అంకెను ఎవరూ చూడరు. నువ్వు చూడు. తెగిన పేరు మీద కూలి డబ్బులు ఇవ్వకూడదు కదా.

పొడవు మరిచిపోతే ఏం జరుగుతుందో నేను చూసిన సంగతి ఒకటి చెప్తాను. చెత్త రావడం కంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది.

1990ల చివర్లో నేను పనిచేసిన చోట అప్పు బకాయి నోటీసులు ప్రింట్ చేసే ప్రోగ్రాం నేనే రాశాను. ఒరాకిల్ డేటాబేస్, దాని మీద ప్రో సి, అంటే సి ప్రోగ్రాం మధ్యలోనే డేటాబేస్ ఆజ్ఞలు రాసే పద్ధతి. అందులో వార్‌చార్ అని డిక్లేర్ చేస్తే సి కంపైలర్ కంటే ముందు నడిచే ప్రీకంపైలర్ దాన్ని రెండు ముక్కల స్ట్రక్చర్‌గా మారుస్తుంది. ఒకటి పొడవు, రెండోది అక్షరాల అర్రే. డేటాబేస్ పేరును అర్రేలో పోసి, పొడవును పక్కన రాస్తుంది. చివర సున్నా పెట్టదు. అది మన పని. నేను పెట్టలేదు.

నోటీసులు డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద రెండు రోజులు కొట్టాం. వారం తర్వాత గజపతినగరం వైపు నుంచి ఒక పెద్దాయన నోటీసు పట్టుకుని వచ్చాడు. "అమ్మా, ఈ కాగితం నాది కాదు. నా పేరు రాము. ఈ రాములనాయుడు ఎవరో మా ఊళ్ళో ఎవరికీ తెలీదు" అన్నాడు. ఖాతా నంబరు ఆయనదే, బాకీ ఆయనదే, తండ్రి పేరు కూడా ఆయనదే. ఆయన పేరు మాత్రం వేరే.

లెడ్జర్ తీసి చూస్తే రాము అనే ఉంది. టేబుల్ చూస్తే రాము అనే ఉంది. ఆయనకు ముందున్న ఖాతా ఎవరిదా అని చూశాను. అప్పలనాయుడు. అప్పుడు గుండె జారింది. ఇంగ్లీషు అక్షరాల్లో అప్పలనాయుడు అంటే ఏ, పి, పి, ఏ, ఎల్, ఏ, ఎన్, ఏ, ఐ, డి, యు, మొత్తం 11. దాని మీద ఆర్, ఏ, ఎం, యు అనే నాలుగు అక్షరాలు వచ్చి కూర్చున్నాయి. మొదటి నాలుగు చెరిగాయి, మిగతా ఏడు అలాగే ఉన్నాయి. 'రాము' వెనక 'లనాయుడు' అతుక్కుంది. పొడవు గదిలో 4 అని సరిగ్గానే రాసి ఉంది. నేను దాన్ని చూడనే లేదు.

పిచ్చి గుర్తులు వచ్చి ఉంటే మొదటి కాగితం దగ్గరే ప్రింటర్ ఆపేసేవాళ్ళం. కానీ వచ్చింది మన ప్రాంతంలో ఎవరికైనా ఉండగల పేరు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. ఆ కట్ట మొత్తం వెతికితే ఇలాంటివి ఇంకా దొరికాయి. ప్రోగ్రాంలో చేర్చాల్సింది ఒక్క లైను. పొడవు ఎంతో అర్రేలో ఆ నంబరు గదిలో '\0' పెట్టడం. దానితోపాటు, కాలమ్ 30 అయితే వార్‌చార్ 31 పెట్టాలి. లేకపోతే నిండు పొడవు పేరు వచ్చిన రోజున ఆ సున్నా మన అర్రే దాటి పక్కవాళ్ళ గదిలో పడుతుంది.

నీ మైఎస్‌క్యూఎల్‌లో కూడా పొడవులు దొరుకుతాయి. టేబుల్‌లోంచి ఒక వరస (రో) తీసుకున్నాక ఫెచ్ లెంగ్త్స్ ఫంక్షన్ పిలిస్తే ఆ వరసలోని ప్రతి ఫీల్డ్ పొడవూ ఇస్తుంది. కాపీ చెయ్యకుండా నేరుగా ప్రింట్ చెయ్యాలంటే ప్రింట్‌ఎఫ్‌లో శాతం గుర్తు, చుక్క, నక్షత్రం, ఎస్ ఈ వరసలో రాసి, ముందు పొడవు, తర్వాత స్ట్రింగ్ ఇవ్వు. అంతకు మించి ఒక్క బైటు కూడా చదవదు. ఆ పొడవును ఇంట్‌గా క్యాస్ట్ చెయ్యడం మరిచిపోకు.

ప్రశ్న: మేడమ్, మా మావయ్య గారి ఎరువుల షాపు ఖాతాలకు సిలో ప్రోగ్రాం రాశాను. సెల్ నంబరు లేని రైతు దగ్గరకు రాగానే సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని పడిపోతోంది. ఉన్నవాళ్ళ నంబర్లు కూడా నేను అంకెగా మారిస్తే ఏదేదో అంకె వస్తోంది. – రాజాం నుంచి ఒక అమ్మాయి

జవాబు: రెండూ వేరువేరు జబ్బులు తల్లీ.

మొదటిది నల్, అంటే విలువే లేదని చెప్పే గుర్తు. టేబుల్‌లో ఏమీ నింపని ఫీల్డ్‌కి మైఎస్‌క్యూఎల్ నీకు ఖాళీ స్ట్రింగ్ ఇవ్వదు, నల్ పాయింటర్, అంటే ఏ మెమరీ చోటునీ చూపని అడ్రసు ఇస్తుంది. దాని మీద పొడవు కొలిచే స్టర్‌లెన్ పిలిస్తే ప్రోగ్రాం అక్కడే పడుతుంది. ఎస్‌క్యూలైట్ డేటాబేస్ కూడా ఇంతే. పోస్ట్‌గ్రెస్ మాత్రం నల్ ఉన్నా ఖాళీ స్ట్రింగే చేతిలో పెడుతుంది. ప్రోగ్రాం పడిపోదు కానీ, నల్ అవునో కాదో వేరే ఫంక్షన్‌తో అడగాలి. ఒరాకిల్‌కి ఖాళీ స్ట్రింగూ నల్లూ ఒక్కటే. ప్రో సిలో ఇండికేటర్ వేరియబుల్ అని ఒకటి పక్కన ఇస్తే, నల్ వచ్చినప్పుడు అందులో మైనస్ 1 ఉంటుంది.

పడిపోకుండా ఒక ఇఫ్ పెట్టేసి ఊరుకోకు. మావయ్య గారిని అడుగు. 'ఈ రైతుకి ఫోను లేదు' అన్నదీ, 'మనం ఇంకా అడగలేదు' అన్నదీ షాపులో ఒకటి కాదు. మొదటివాళ్ళకి మనిషిని పంపాలి, రెండోవాళ్ళని ఈసారి వచ్చినప్పుడు అడగాలి. మొదటిదానికి ఖాళీ స్ట్రింగ్, రెండోదానికి నల్ అని నువ్వు ఒక కట్టుబాటు పెట్టుకుంటే ఆ తేడా టేబుల్‌లో నిలుస్తుంది.

రెండోది. సెల్ నంబరు అంకె కాదు, స్ట్రింగే. దాన్ని కూడికకీ తీసివేతకీ ఎవరూ వాడరు. మామూలు ఇంట్‌లో పట్టే అతి పెద్ద అంకె 2,147,483,647. మన సెల్ నంబర్లన్నీ 6తోనో ఆపై అంకెతోనో మొదలయ్యే పదంకెలవి, ఒక్కటీ పట్టదు. ల్యాండ్‌లైను అయితే ఇంకో బాధ. శ్రీకాకుళం కోడ్ 08942, విజయనగరం 08922. అంకెగా మార్చగానే ముందున్న సున్నా ఎగిరిపోతుంది. క్యారెక్టర్ ఫీల్డ్‌గానే ఉంచు.

ఇంకో మాట. రాజాం 2022లో శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది. నీ టేబుల్‌లో జిల్లా ఫీల్డ్ పాతదే ఉందేమో ఒకసారి చూసుకో.

ప్రశ్న: నేత కార్మికుల జాబితా తెలుగులోనే ఉంచాలని మొదలుపెట్టాను. మైఎస్‌క్యూఎల్‌లో ఊరు ఫీల్డ్ వార్‌చార్ 30. సిలో మీరు ఎప్పుడూ చెప్పినట్టే 31 సైజు అర్రే. పొందూరు బాగానే వస్తోంది, శ్రీకాకుళం బాగానే వస్తోంది. గంగువారి సిగడాం మాత్రం 'గంగువారి స' దగ్గర తెగి, నల్ల డైమండ్‌లో ప్రశ్న గుర్తు వస్తోంది. టేబుల్‌లో చూస్తే పేరు పూర్తిగా ఉంది. పేరులో 15 అక్షరాలు కూడా లేవు కదండీ? – పొందూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఈ ఉత్తరం నాకు చాలా సంతోషం కలిగించింది. తెలుగు జాబితాని తెలుగులోనే ఉంచాలన్న పట్టుదల ఉన్నవాళ్ళు తక్కువ. మీ ఊళ్ళో వాలుగ చేప దవడతో పత్తి దువ్వినంత ఓపిగ్గా ఈ బైట్లు విడదీసి చూద్దాం.

ముందుగా, ఫీల్డ్‌కి ఒకటి కలిపి 31 అని నేను చెప్పింది ఇంగ్లీషు అక్షరాల లెక్క. తెలుగుకి అది సరిపోదు. ఆ మాట ల్యాబ్‌లో విడమరిచి చెప్పి ఉండాల్సింది.

అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి యూటీఎఫ్-8. అందులో ప్రతి తెలుగు గుర్తుకీ 3 బైట్లు. గుర్తు అంటే మనం నోటితో పలికే అక్షరం కాదు. హల్లు ఒక గుర్తు, దాని మీది గుడి ఇంకో గుర్తు, పొల్లు మరో గుర్తు, సున్న (అనుస్వారం) మరొకటి. 'శ్రీ' మనకి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి శ, పొల్లు, ర, దీర్ఘం, అంటే నాలుగు గుర్తులు, 12 బైట్లు. శ్రీకాకుళం మొత్తం 10 గుర్తులు, 30 బైట్లు. మీ 31 సైజు అర్రేలో సరిగ్గా పట్టింది. అదృష్టం కొద్దీ పట్టింది. పొందూరు 7 గుర్తులు, 21 బైట్లు, దానికి ఢోకా లేదు.

ఇప్పుడు గంగువారి సిగడాం. 'గంగువారి'లో గ, సున్న, గ, కొమ్ము, వ, దీర్ఘం, ర, గుడి, మొత్తం ఎనిమిది. 24 బైట్లు. తర్వాత ఖాళీ, అది ఒక్క బైటే, 25. 'స'కి మూడు, 28. తర్వాత గుడికి 29, 30, 31 బైట్లు కావాలి. మీ అర్రేలో చివరి గది సున్నాకి పోతే 30 బైట్లకే చోటు. గుడిలో మూడో వంతు తెగిపోయింది. మిగిలిన రెండు బైట్లకి విడిగా ఏ అర్థమూ లేదు, అందుకే తెర మీద ఆ నల్ల డైమండ్ వస్తోంది. మొత్తం పేరుకి కావాల్సింది 43 బైట్లు.

మైఎస్‌క్యూఎల్ వార్‌చార్ 30 అంటే 30 గుర్తులు, బైట్లు కావు. సి అర్రే 31 అంటే 31 బైట్లు. 30 అనే అంకె రెండు చోట్లా కనిపిస్తుంది కానీ కొలత వేరు. ఒక గుర్తుకి అత్యధికంగా 4 బైట్లు పట్టవచ్చు కాబట్టి 30ని 4తో గుణించి ఒకటి కలపండి. 121. తెలుగుకి మూడు చాలు, కానీ ఎవరైనా ఫోను నుంచి ఒక బొమ్మ గుర్తు అతికిస్తే దానికి నాలుగు కావాలి. ఇదే కారణంగా టేబుల్‌ని మైఎస్‌క్యూఎల్ పాత యూటీఎఫ్8లో కాకుండా యూటీఎఫ్8ఎంబీ4లో పెట్టండి. పాతదానికి మూడు బైట్లు దాటితే చేతకాదు.

ప్రశ్న గుర్తులు రెండు రకాలు. వాటిని కలగలపొద్దు. నల్ల డైమండ్‌లో వస్తే బైట్లు మధ్యలో తెగాయని అర్థం. డైమండ్ లేకుండా మామూలు ప్రశ్న గుర్తులు వరసగా వస్తే అసలు తెలుగు మీ ప్రోగ్రాం దాకా రానేలేదు. డేటాబేస్‌కీ మీ ప్రోగ్రాంకీ మధ్య కనెక్షన్ లాటిన్ అక్షరాల్లో మాట్లాడుకుంటోంది. దానికి తెలుగు తెలీక ఒక్కో గుర్తుకీ ఒక్కో ప్రశ్న గుర్తు పెట్టేసింది. కనెక్ట్ అయిన వెంటనే క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 అని చెప్పండి. మొదటి రకం అర్రే పెంచితే పోతుంది. రెండో రకం ఎంత పెంచినా పోదు.

గుర్తింపు కార్డులాంటి వాటి మీద చోటు లేక ఎక్కడో ఒకచోట కొయ్యక తప్పదంటారా? అయితే ఇలా. కొయ్యాలనుకున్న చోట ఉన్న బైటు విలువ చూడండి. అది 128కీ 191కీ మధ్య ఉంటే ఏదో గుర్తు నడుమ ఉన్నట్టు. ఒక బైటు వెనక్కి రండి, మళ్ళీ చూడండి. తెలుగు గుర్తు ఎప్పుడూ 224తో మొదలై, తర్వాత 176 లేదా 177 వస్తుంది. 224 దగ్గరకు రాగానే దాని ముందు కొయ్యవచ్చు. అలా కోస్తే నల్ల డైమండ్ రాదు. కానీ 'సి' మీది గుడి పోయి 'స' మిగులుతుంది. నరసన్నపేటను 15 బైట్ల దగ్గర కోస్తే గుర్తు ఏదీ తెగదు కానీ 'నరసన్' అని నిలుస్తుంది. కంప్యూటర్‌కి అది తప్పు కాదు. మన కంటికి తప్పు. అందుకని, కోత తర్వాత మొదలయ్యే గుర్తు గుణింతమో సున్నో పొల్లో అయితే, లేదా కోత ముందున్న గుర్తు పొల్లు అయితే, ఇంకా వెనక్కి వెళ్ళి హల్లుతో సహా అక్షరం మొత్తం వదిలేయండి. పొల్లు బైట్లు 224, 177, 141. ఈ నాలుగు లైన్లు రాయడానికి బద్ధకించొద్దు. ఊరి పేరు అక్షరం మధ్యలో విరిచి ఆ ఊరివాళ్ళ చేతికి ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

బైటు విలువలు చూసేటప్పుడు అన్‌సైన్డ్ క్యారెక్టర్ వాడండి. మన డెస్క్‌టాపుల మీద మామూలు క్యారెక్టర్ సైన్డ్, అందులో 224 అంటే మైనస్ 32 అయిపోతుంది. దాన్ని, ఖాళీ అవునో కాదో చూసే ఈజ్‌స్పేస్‌లాంటి ఫంక్షన్‌కి అలాగే ఇస్తే ఏం జరుగుతుందో చెప్పలేం.

మీకు ధైర్యం చెప్పే సంగతి కూడా ఒకటి ఉంది. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ యూటీఎఫ్-8 తయారు చేసినప్పుడు, ఏ అక్షరం నడుమా సున్నా బైటు రాకుండా కట్టుదిట్టం చేశారు. అందువల్ల స్టర్‌లెన్, స్టర్‌కాపీ, స్టర్‌కంపేర్ మన తెలుగుతో కూడా యథాతథంగా పనిచేస్తాయి. స్టర్‌లెన్ బైట్లు చెప్తుంది, అక్షరాలు కాదు అని గుర్తుంచుకుంటే చాలు. యూటీఎఫ్-16 అయితే మామూలు ఇంగ్లీషు 'A' అక్షరంలోనే సున్నా బైటు ఉంటుంది, మొదటి అక్షరం దగ్గరే స్ట్రింగ్ అయిపోతుంది.

మీరు అడగలేదు కానీ త్వరలో అడుగుతారు కాబట్టి రెండు సంగతులు. ప్రింట్‌ఎఫ్‌లో వెడల్పు 20 అని పెడితే అది 20 బైట్లు, తెలుగు కాలమ్‌లు వంకరపోతాయి. ఖాళీలతో సరిచెయ్యాలని తంటాలు పడకుండా తెలుగు కాలమ్‌ని వరస చివర పెట్టండి. రెండోది అకారాది క్రమం. స్టర్‌కంపేర్‌తో పేర్లు వరసపెడితే ళకారం లకారం పక్కకు వచ్చేస్తుంది, ఎందుకంటే యూనికోడ్‌లో దాని స్థానం అక్కడ. మన వర్ణమాలలో అది హకారం తర్వాత. క్రమం పని డేటాబేస్ కొలేషన్‌కి (అక్షర క్రమం నిర్ణయించే నియమాలకి) అప్పజెప్పి, వచ్చిన వరస మీ కళ్ళతో ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: అడ్రసు సేవ్ చేసేటప్పుడు ఒక్క మనిషి దగ్గర ఎస్‌క్యూఎల్ సింటాక్స్ ఎర్రర్ వస్తోంది. మిగతా 300 మందికీ ఏ బాధా లేదు. – చీపురుపల్లి నుంచి

జవాబు: మీరు పంపిన అడ్రసు చూశాను. 'లేడీస్ హాస్టల్ ఎదురుగా' అని ఇంగ్లీషులో రాస్తూ, లేడీస్ చివర అపాస్ట్రఫీ పెట్టారు. మీరు స్ప్రింట్‌ఎఫ్‌తో క్వెరీని (డేటాబేస్‌కిచ్చే ఆజ్ఞని) స్ట్రింగ్‌గా అతికిస్తున్నారు. డేటాబేస్ ఆ అపాస్ట్రఫీ దగ్గర అడ్రసు అయిపోయిందనుకుంది. మిగిలిన ముక్క దానికి అర్థం కాలేదు.

ఆ మనిషి మంచి ఇంగ్లీషు రాశాడు, అంతే. చెడ్డ ఉద్దేశంతో వచ్చినవాడైతే అపాస్ట్రఫీ తర్వాత టేబుల్ చెరిపే ఆజ్ఞ రాయగలడు. అపాస్ట్రఫీలు తీసేసే ఫంక్షన్ రాస్తానంటారేమో, వద్దు. అది అతని అడ్రసు, మనం మార్చకూడదు. క్వెరీలో విలువ రావాల్సిన చోట ప్రశ్న గుర్తు పెట్టి ప్రిపేర్ చెయ్యండి, విలువని విడిగా బైండ్ చెయ్యండి. మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూలైట్ రెండింట్లోనూ ఇలాగే. పోస్ట్‌గ్రెస్‌లో ప్రశ్న గుర్తు బదులు డాలర్ 1, డాలర్ 2. అప్పుడు అడ్రసు ఆజ్ఞలో కలవదు, పక్కన వేరే కవర్లో వెళ్తుంది. లోపల ఏ గుర్తు ఉన్నా అది అడ్రసే. పాత ప్రోగ్రాం మొత్తం ఇప్పుడే మార్చలేకపోతే, ఈలోపు అపాస్ట్రఫీలాంటి వాటి ముందు ఒక గుర్తు చేర్చే మైఎస్‌క్యూఎల్ ఎస్కేప్ ఫంక్షన్ వాడండి. దానికిచ్చే అర్రే అసలు పొడవుకి రెండింతలు, పైన ఒకటి ఉండాలి. ప్రతి అక్షరమూ రెండు అయ్యే అవకాశం ఉంది కాబట్టి.

ప్రశ్న: పోస్ట్‌గ్రెస్‌లో వీణల ఆర్డర్లు రాసుకుంటున్నాం. ఆర్డర్ కోడ్ సరిగ్గా టైప్ చేసినా, రెండూ ఒకటే అని చెప్పే సున్నాను స్టర్‌కంపేర్ ఇవ్వడం లేదు. – బొబ్బిలి నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ కోడ్ ఫీల్డ్ చార్ 10, కోడ్ ఆరక్షరాలు. మిగతా నాలుగూ ఖాళీలతో నిండి వస్తున్నాయి. వార్‌చార్‌గా మార్చండి. మార్చే వీలు లేకపోతే చివరి నుంచి ఖాళీలు తీసేసి పోల్చండి. మైఎస్‌క్యూఎల్ అయితే ఇచ్చేటప్పుడే ఆ ఖాళీలు తీసేస్తుంది, అందుకే అక్కడ నేర్చుకున్నవాళ్ళకి ఇది కొత్తగా ఉంటుంది.

ప్రశ్న: ఎస్‌క్యూలైట్‌లో 40 మంది పేర్లు లూప్‌లో తీసి, పాయింటర్ల అర్రేలో దాచాను. లూప్ అయ్యాక ప్రింట్ చేస్తే ఒకసారి 40 సార్లు చివరి పేరే వస్తోంది, ఇంకోసారి చెత్త వస్తోంది. లూప్ లోపల ప్రింట్ చేస్తే అన్నీ సరిగ్గా ఉన్నాయి. – ఆమదాలవలస నుంచి ఒక విద్యార్థిని

జవాబు: నువ్వు పేర్లు దాచలేదమ్మా, పేర్లున్న చోటు అడ్రసులు దాచావు. కాలమ్ టెక్స్ట్ ఫంక్షన్ ఇచ్చే మెమరీ ఎస్‌క్యూలైట్ సొంతం. తర్వాతి వరస కోసం స్టెప్ ఫంక్షన్ పిలవగానే అది చెల్లదు. ఆ చోటు మళ్ళీ వాడుకోవచ్చు, వదిలేయనూ వచ్చు. అందుకే ఒకసారి ఒకలాగా, ఇంకోసారి ఇంకోలాగా వస్తోంది. మైఎస్‌క్యూఎల్‌లో స్టోర్ రిజల్ట్ వాడితే ఆ రిజల్ట్ ఫ్రీ చేసేవరకూ, పోస్ట్‌గ్రెస్‌లో రిజల్ట్ క్లియర్ చేసేవరకూ పాయింటర్లు నిలుస్తాయి. కాబట్టి అక్కడి నుంచి వచ్చిన నోట్సు చూసి రాసినట్టున్నావు.

లూప్ లోపలే పేరుని కాపీ చేసుకో. స్టర్‌డప్ వాడితే సరిపడా మెమరీ తీసుకుని, చివరి సున్నాతో సహా కాపీ చేసి ఇస్తుంది. కానీ ముందు నల్ కాదని చూడు. రాజాం అమ్మాయికి పైన రాసింది నీకూ వర్తిస్తుంది. పని అయ్యాక 40ని ఫ్రీ చెయ్యాలి. నీ ప్రోగ్రాంలో ఇంకొకటి చూశాను. పేరు బైండ్ చేసేటప్పుడు చివరి ఆర్గ్యుమెంట్ స్టాటిక్ అని ఇచ్చావు. అంటే 'ఈ మెమరీ నేను కదపను' అని ఎస్‌క్యూలైట్‌కి మాట ఇచ్చినట్టు. నువ్వేమో స్టెప్ పిలవకముందే అదే అర్రేలోకి తండ్రి పేరు చదువుతున్నావు. అక్కడ ట్రాన్సియెంట్ అని ఇవ్వు, అది తన సొంత కాపీ తీసుకుంటుంది. మీ టేబుల్‌లో పేరు, తండ్రి పేరు ఒకటిగా ఉన్న వరసలు ఎన్ని ఉన్నాయో ఒక క్వెరీతో తీసి, వాటిని అసలు దరఖాస్తులతో పోల్చి చూసి దిద్దు.